మీటరు మీద తువ్వాల, చెవుల్లో దూది

"అసలు మీకు డ్రైవింగ్ వచ్చాండీ?"

అడిగినామె రేవతి, కారు నేర్చుకుంటున్న మనిషి. అడిగించుకున్నాయన ఆశేర్, ఆమెకు నేర్పుతున్న మనిషి. 2013 వానాకాలం. కొత్తూరు దగ్గర బెంగళూరు హైవే పక్కన బురదలో కారు ఒక పక్కకు ఒరిగి ఆగి ఉంది. హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా వెనక నుంచి వచ్చి, వీళ్లను వెంట్రుకవాసిలో తప్పించుకుపోయిన లారీ ఇంకా కనుచూపు దాటలేదు.

ఇరవై ఏళ్లకు పైగా లారీ, ఆ తర్వాత మూడేళ్లు విమానాశ్రయం టాక్సీ నడిపినవాణ్ని అడిగే ప్రశ్న కాదది. ఆశేర్ కారు దిగి, చుట్టూ ఒకసారి తిరిగి, వెనక టైరును కాలితో తన్నాడు. మాట దొరకనప్పుడు లారీవాళ్లు టైరును తన్నుతారు.

ఆ ప్రశ్నకు నిజమైన జవాబు "సగం వచ్చు" అని. ఆ సంగతి ఆయనకు మరి కొన్ని రోజులకు గాని తెలియలేదు. నలభై ఎనిమిదేళ్ల వయసులో, తనకు అన్నం పెట్టిన విద్యలో సగం ఒక బండి దగ్గర పనికిరాదని తెలిసినప్పుడు మనుషులు సాధారణంగా బండిని తిడతారు. ఆశేర్ కూడా తిట్టాడు. తిట్టి, ఆ తర్వాత నేర్చుకున్నాడు. ఆ రెండో పని చేసినందుకే ఆయన గురించి రాస్తున్నాను.

ఆశేర్ పుట్టి పెరిగింది శంషాబాద్‌లో. తండ్రి కౌలుకు జొన్న వేసేవాడు. వానలు రెండేళ్లు మొహం చాటేస్తే కొడుకు చదువు మానేసి లారీ క్లీనరయ్యాడు. డ్రైవరు ఈశ్వరయ్యే ఉస్తాద్. ఆ లారీలో స్టీరింగు ముందున్న మీటర్ల ముళ్లన్నీ ఏనాడో చచ్చిపోయాయి. వేగం ముల్లు చచ్చింది, నూనె ముల్లు చచ్చింది, వేడి ముల్లు చచ్చింది. బతికున్నది చెవి ఒక్కటే. ఇంజన్ మోత పెరిగి పెరిగి గొంతు చించుకునే దగ్గరికి వస్తే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తియ్యాలి, క్లచ్ నొక్కాలి, గేరు మార్చాలి. ఆలస్యమైతే మెడ మీద ఈశ్వరయ్య అరచెయ్యి పడేది.

"అరుస్తున్నది ఇనవడుతలేదారా? కాలు ఇడువ్!"

దెబ్బలతో వచ్చిన విద్య ఒంట్లోకి ఇంకిపోతుంది. మోత లేస్తే కాలు లేవాలి. కొంతకాలానికి ఆశేర్‌కు ఇది కంటికి రెప్ప పడ్డట్టు అయిపోయింది. ఆలోచన లేదు, మోత ఉంది, కాలు ఉంది. మూసుకున్న కళ్లతో పక్క సీట్లో కునుకు తీస్తూ కూడా, నడిపేవాడు గేరు ఒక్క క్షణం ఆలస్యం చేస్తే లేచి కూర్చునేవాడట.

2008లో విమానాశ్రయం తెరిచారు. దాని గురించి రాసే ప్రతివాడూ రెండు పాటల్లో ఒకటి అందుకుంటాడు, అభివృద్ధి వచ్చిందని గాని, ఊరు పోయిందని గాని. ఆశేర్‌ను అడిగితే రెండూ పాడడు. "లారీకి గిరాకి తగ్గింది, టాక్సీకి గిరాకి ఒచ్చింది. తెల్లంగీ కుట్టించుకున్న" అంటాడు. మూడేళ్లు ఆ తెల్లంగీ వేసుకుని, టాక్సీ యజమానితో పడక, 2011లో ఒక పాత చిన్న కారు కొని, పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు పెట్టించి, డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టాడు.

నేర్పడంలో ఆయనకో పద్ధతి ఉంది. శిష్యులు మొదటి రోజు కూర్చోగానే భుజం మీది ఎర్ర తువ్వాల తీసి మీటరు మీద కప్పేస్తాడు.

"ముల్లు సూస్తే రోడ్డు సూడవు. చెవితోని నడుపు. ఇంజన్ ఏమంటున్నదో ఇను."

మోత లేవగానే డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో ఫట్‌మని చరుస్తాడు. "ఇడువ్!" ఉస్తాద్ మెడ మీద కొట్టేవాడు, ఈయన డ్యాష్‌బోర్డు మీద కొడతాడు. ఒక తరంలో వచ్చిన మార్పు అంతే. కాని పద్ధతి మంచిది. ఆశేర్ దగ్గర నేర్చినవాళ్లు గేరు మారిస్తే పక్కవాళ్ల చేతిలో టీ తొణకదని శంషాబాద్‌లో పేరుండేది. ఆ పేరు వినే రేవతి ఆయన దగ్గరికి వచ్చింది.

రేవతివాళ్లది తణుకు వైపు. భర్త శివరామకృష్ణకు కొత్తూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం, ఆమెకు విమానాశ్రయం కార్గో దగ్గర ఒక ఏజెంటు ఆఫీసులో ఉద్యోగం. చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల ఆమె ఎడమ కాలికి బలం లేదు. ఈ వాక్యం చదవగానే కొందరు జాలికి, కొందరు చప్పట్లకు సిద్ధమవుతారు. రెండూ వద్దు, ఆమెకు రెండింటి మీదా చిరాకే. ఆమెకు కావలసింది క్లచ్ లేని కారు.

ఎందుకంటే కొత్తూరు నుంచి ఆఫీసుకు తీసుకెళ్లే వ్యాను దసరా దాటాక ఉండదని ఆఫీసులో చెప్పేశారు. బస్సు మెట్టు ఆమెకు ఎత్తు. భర్త షిఫ్టుకూ ఆమె షిఫ్టుకూ ఎప్పుడూ పొంతన కుదరదు. హైవే మీద తనంతట తాను కారు నడుపుకుని వెళ్లగలిగితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే మానుకోవాలి. అందుకని ఉన్నదంతా ఊడ్చి ఒక పాత జపాన్ కారు కొన్నది. గేర్లు వేసే పని లేదు, రెండే పెడళ్లు, రెంటికీ కుడి కాలే చాలు. లైసెన్సు కోసం ఆమె తిరిగిన తిరుగుడు వేరే భారతం, దాని జోలికి పోను. సంపాదించింది. ఊళ్లో సందుల్లో బాగానే నడిపేది. మిగిలింది హైవే.

ఆశేర్‌కు ఆటోమేటిక్ బండి గురించి తెలిసింది ఒక్కటే: "గేర్లు అదే ఏసుకుంటది." సరే, మనిషికి బదులు బండి గేరు వేస్తుంది, అంతేగదా తేడా అనుకున్నాడు. అలాంటి బండ్లు టాక్సీ రోజుల్లో విమానాశ్రయం ఆవరణలో ఒకటి రెండుసార్లు పక్కకు తీసి పెట్టాడు కూడా. వాటిలో మోత లేస్తుంది, కాలు కొంచెం సడలిస్తే లోపల గేరు మారుతుంది, మోత దిగుతుంది. అలవాటు ప్రకారం రేవతి కారు మీటరు మీద కూడా తువ్వాల కప్పాడు.

ఊళ్లో మెల్లగా పోతున్నంత సేపు ఇబ్బంది లేదు. హైవే ఎక్కే చోట మొదలైంది గోల. సర్వీసు రోడ్డు నుంచి హైవేలో కలవాలంటే, వెనక వచ్చే లారీలు మీదికి రాకముందే వాటి వేగం అందుకోవాలి. రేవతి కాలు గట్టిగా నొక్కేది. ఇంజన్ ఒక్కసారిగా గొంతెత్తేది. ఎత్తిన గొంతు దించేది కాదు. పిల్లాడు పేచీకి పెట్టిన ఏడుపులా ఒకే స్థాయిలో సాగేది. ఆశేర్ చెవికి అది భరించరాని సంగతి. ఫట్‌మని డ్యాష్‌బోర్డు చరిచేవాడు. "ఇడువ్!" ఆమె కాలు ఎత్తేది. కారు ఊపిరి వదిలేసినట్టు నీరసపడేది. మళ్లీ నొక్కు, మళ్లీ మోత, మళ్లీ చరుపు. ఇలా నాలుగు వారాలు.

ఆ రోజు వాళ్ల వెనక లారీ ఉంది. రేవతి నొక్కింది, ఇంజన్ అరిచింది, ఆశేర్ చరిచాడు, ఆమె కాలెత్తింది. వేగం అందుకోవాల్సిన కారు లారీ ముందు చతికిలబడింది. తర్వాత ఏమైందో మొదట్లోనే చెప్పాను.

టైరును తన్నాక ఆశేర్ కిటికీ దగ్గరికి వచ్చి తీర్పు చెప్పాడు.

"బండి ఖరాబున్నది మేడమ్. రెండో గేరుల ఇరుక్కుంటున్నది, మారుతలేదు. లేదంటే లోపల క్లచ్ ప్లేటు కాలిపోయి జారుతున్నది. అమ్మినోడు మోసం చేసిండు. వాపస్ ఇచ్చెయ్యిండ్రి."

"ఇచ్చేస్తే? దసరా తర్వాత మీ పాత లారీ పంపిస్తారా నాకు?"

"గట్ల కాదు మేడమ్, ఇంకో బండి సూద్దాం."

"ఇంకోటి కొనే స్తోమతుంటే మూడు చేతులు మారిన దీన్ని ఎందుకు కొంటానండీ? మీరేమో ఇడువ్ ఇడువ్ అంటారు. ఇడిచిన ప్రతిసారీ ఇది ఆగిపోతోంది. ఎందుకిడవాలో ఒక్కసారైనా చెప్పారా?"

ఎందుకు విడవాలి? ఈశ్వరయ్యను ఆశేర్ ఎప్పుడూ అడగని ప్రశ్న అది. అడిగితే మెడ మీద ఇంకోటి పడేది.

ఆయన భార్య మరియమ్మకు శంషాబాద్ పాత బజారులో పిండి గిర్ని ఉంది. జొన్నలు, గోధుమలు, ఎండాకాలంలో కారం. ఆశేర్ అక్కడికి వెళ్లేసరికి గిర్ని నడుస్తోంది. మరియమ్మ కనుబొమ్మల దాకా పిండి, చెవుల్లో దూది. ఆయన చెప్పుకోవాల్సిందంతా చెప్పుకున్నాడు, బండి మోసం, మేడమ్ కోపం, లారీ గండం. అంతా అయ్యాక ఆమె ఒక చెవిలో దూది తీసింది.

"ఏమన్నవ్? మళ్ల చెప్పు."

మళ్లీ చెప్పాడు. ఈసారి చిన్నగా చెప్పాడు. "ఒకటే మోత మరియా. లేస్తది, దిగనే దిగది. గట్ల అరిస్తే కాలు తియ్యకుండ ఎట్లుంటం?"

మరియమ్మ గిర్ని దిక్కు గడ్డం ఎత్తి చూపించింది.

"ఇది అరుస్తలేదా? పొద్దుగాల స్విచ్ ఏస్తే సాయంత్రం దాక ఒకటే మోత. అరుస్తున్నదని నేను బంద్ చేస్తనా?"

"గిర్ని వేరే, బండి వేరే."

"నీకు అన్నీ వేరేనే. మోత లేసిందంటే పని చేస్తున్నదని. నేను మోత ఇనను, కింద డబ్బల పిండి పడుతున్నదా లేదా సూస్త. నువ్వు పిండి సూసినవా?"

"బండిల పిండేందే?"

"స్పీడు కాదా? ముల్లు ఎంత దాక పోయిందో సూసినవా?"

ఆశేర్ చూడలేదు. రేవతీ చూడలేదు. నాలుగు వారాల నుంచి ముల్లు మీద ఎర్ర తువ్వాల ఉంది.

ఇది అంతా విని మరియమ్మ మహాజ్ఞాని అనుకోవద్దు. ఆమెకు ఆ కారు గురించి ఓనమాలు తెలియవు. భర్తను దెప్పడానికి దొరికిన అవకాశాన్ని వదులుకోలేదు, అంతే. కాని దెప్పుడులో పదును ఉంటే అది పని చేస్తుంది. ఆశేర్ కాసేపు పిండి పడుతున్న డబ్బాను చూశాడు. తర్వాత ఆమె దగ్గర దూది అడిగి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు దూది తక్కువ పడితే నీ తువ్వాల చింపి పెట్టుకుంట" అంది మరియమ్మ.

మర్నాడు రేవతి ఇంటికి వెళ్లి, కారు ఒక్క పూట కావాలన్నాడు.

"ఇవ్వను" అంది రేవతి.

"ఖరాబ్ చెయ్య మేడమ్. జర సూడాలె."

"నేను కూడా వస్తాను. అప్పుడు ఇస్తాను."

ఆదివారం చర్చి అయ్యాక, అవుటర్ రింగు రోడ్డు పక్కన జనం లేని సర్వీసు రోడ్డు మీద ముగ్గురు కలిశారు. మూడో మనిషి బాలమల్లు, ఆశేర్‌తో పాటు టాక్సీ నడిపినవాడు, ఇప్పటికీ నడుపుతున్నవాడు. వాడిది అయిదు గేర్ల డీజిల్ బండి. రెండు బండ్లూ పక్కపక్కన ఆపి ఒక్కసారే బయల్దేరాలి, దూరాన కనిపించే నీలం బోర్డు దాకా. మీటరు మీద తువ్వాల లేదు. నడిపేది ఆశేర్, పక్కన రేవతి.

మొదటిసారి పందెం కాదు, పరువు నష్టం. ఇంజన్ గొంతెత్తగానే ఆశేర్ కాలు దానంతట అదే లేచింది. నొక్కాడు, లేచింది. బాలమల్లు బోర్డు దగ్గర బండి ఆపి, దిగి, ఒళ్లు విరుచుకుని ఎదురుచూశాడు.

"ఏంది ఆశేరన్నా, నడిసి ఒస్తున్నవా? బండి లొల్లి ఎక్కువ, పోవుడు తక్కువ ఉన్నది. మీ ఆంధ్ర మేడమ్ లెక్కనే."

"మీ మల్లన్న నోటికి ఏ గేరూ లేదేమో, ఆగడం లేదు" అంది రేవతి, ఆశేర్‌తోనే అన్నట్టు.

రెండోసారి ఆశేర్ దూది తీసి రెండు చెవుల్లో కుక్కుకున్నాడు. చట్టం దీన్ని మెచ్చుకోదు, నేనూ సిఫారసు చెయ్యను. అయినా మోత పూర్తిగా పోలేదు, సీటులోంచి, పాదంలోంచి పైకి వస్తూనే ఉంది. బయల్దేరగానే కాలు మళ్లీ లేవబోయింది. ఫట్‌మని డ్యాష్‌బోర్డు మోగింది. చరిచింది రేవతి.

"ఎత్తకండి!"

దూదిలోంచి మాట వినపడిందో లేదో గాని చరుపు వినపడింది. ఆశేర్ పళ్లు బిగించి కాలు బిగించాడు. కళ్లు ముల్లు మీదికి పోయాయి. ముల్లు పైకి పోతోంది. తడబాటు లేకుండా, తెగకుండా, డబ్బాలోకి పిండి పడ్డట్టు పోతోంది. ముందు ఒక్క ఎగురున దూసుకుపోయిన బాలమల్లు బండి మెల్లగా దగ్గరవుతోంది. వాడు గేరు మార్చిన ప్రతిసారీ బండి ఒక చిన్న ఎక్కిలి పెడుతోంది. ఈ కారు పెట్టడం లేదు. బోర్డు దాటేటప్పటికి ఈ కారు ముక్కు ముందుంది.

బాలమల్లు దిగి వచ్చి తల కిటికీలో పెట్టాడు. "గేర్ ఎప్పుడేసినవన్నా? నాకు కనవడలే."

"నేను ఎయ్యలే" అన్నాడు ఆశేర్, దూది తీస్తూ. "అది కూడ ఎయ్యలే. అసలు గీ బండిల గేర్లే లేవురా."

ఆ మాట నిజం. గేర్లు మెట్లయితే ఆ కారులో ఉన్నది వాలుబాట. రెండు పుల్లీలు, వాటిని కలిపే ఒక ఉక్కు బెల్టు. ఒక్కో పుల్లీ రెండు మూకుళ్లను వీపుకు వీపు పెట్టినట్టు ఉంటుంది. మూకుళ్లు దగ్గరికి జరిగితే వాటి మధ్యనున్న బెల్టు అంచు వైపు ఎక్కి పెద్ద చుట్టు తిరుగుతుంది, దూరం జరిగితే లోపలికి దిగి చిన్న చుట్టు తిరుగుతుంది. ఇంజన్ వైపు పుల్లీ చుట్టు పెరుగుతుంటే చక్రాల వైపు పుల్లీ చుట్టు తగ్గుతుంది, ఇంజన్ అంతే తిరుగుతున్నా చక్రాల జోరు పెరుగుతుంది. కాబట్టి వేగం అందుకోవాలని కాలు గట్టిగా నొక్కినప్పుడు ఇంజన్ తన బలం బాగా పలికే చోటికి ఒక్కసారే లేచి, అక్కడే నిలబడిపోతుంది. ఆ తర్వాత పనంతా పుల్లీలు చూసుకుంటాయి. మోత మారదు, వేగం మారుతుంది. మోత పెరిగి దిగితేనే బండి ఒక మెట్టు ఎక్కినట్టు లెక్కపెట్టుకునే చెవికి ఇది బండి నిలబడి అరుస్తున్నట్టే వినిపిస్తుంది. అప్పుడు కాలెత్తామా, ఇంజన్ ఆ బలమైన చోటు నుంచి కిందికి జారిపోతుంది. సరిగ్గా బలం కావలసినప్పుడు బలం పీకేసినట్టు. నాలుగు వారాలు ఆశేర్ చరిచిన ప్రతి చరుపూ చేసిన పని అదే.

ఇందులో మహిమలేం లేవు. కాలు నొక్కగానే ఆ కారు ఒక్క క్షణం తటపటాయిస్తుంది. బెల్టు దగ్గర కొంత బలం వృథా అవుతుంది. మూడోసారి పందెంలో బాలమల్లు పంతం పట్టి గేర్లు ఇంకా చకచకా మార్చి గెలిచాడు కూడా, ఆ సంగతి దాచడం న్యాయం కాదు. చెయ్యి తిరిగినవాడు గేర్ల బండితో దీన్ని కొట్టగలడు. కాని రేవతికి కావలసింది బాలమల్లును కొట్టడం కాదుగదా. లారీ వెనక నుంచి వచ్చేలోపు, మధ్యలో తెగకుండా, వేగం అందుకోవడం. ఆ పని కారు మొదటి రోజు నుంచీ చేస్తానంటూనే ఉంది.

అనుభవమే గురువు అంటారు. నిజమే, కాని అది పాఠ్యపుస్తకం మారిందని తెలియని గురువు. పాత పాఠం ఎంత బాగా చెబుతుందో, కొత్త పాఠానికి అంత అడ్డం పడుతుంది. అనుభవం తక్కువున్నవాడైతే ఆ కారు అరిస్తే అరవనీ అని నొక్కిపట్టి వెళ్లిపోయేవాడు. ఆశేర్ చెవి మంచిది కాబట్టే ఆశేర్ చిక్కుపడ్డాడు.

తిరిగి వస్తుంటే కొత్తూరు వచ్చాక ఆశేర్ అన్నాడు.

"మేడమ్, నాలుగు వారాలు నేను మీకు తప్పు నేర్పిన. గా పైసలు వాపస్ ఇస్త."

అయ్యో వద్దండీ, ఎంత మాట, అంటుందని అనుకున్నాడు. అలా అనడం మర్యాద.

"ఇవ్వండి" అంది రేవతి. "కారు అప్పు కట్టుకోవాలి."

మూడు వేల అయిదు వందలు. ఆశేర్ తల ఊపాడు. ఆ తర్వాత ఈ కథ విన్న పెద్దమనుషులు కొందరు రేవతిని తప్పుపట్టారు, పాపం పేదవాడి దగ్గర అంత ఖచ్చితంగానా అని. ఆశేర్ మాత్రం తప్పుపట్టలేదు. "తప్పు సరుకు అమ్మితే దుకాణపోడు పైసలు వాపస్ ఇయ్యడా? నేనిస్త" అన్నాడు. దానం, త్యాగం లాంటి మాటలు ఇద్దరి మధ్యా రాలేదు. రాలేదు కాబట్టే మర్నాటి నుంచి పాఠం సజావుగా సాగిందని నా నమ్మకం.

కొత్త పాఠం ఆయన తన చేత్తో తాను తయారు చేసుకోవాల్సి వచ్చింది, చెప్పడానికి ఉస్తాద్ లేడు. తువ్వాల ఇంట్లో పెట్టి వచ్చాడు. "మొదలు ఒక లిప్త ఆలోచిస్తది, గందుకే జర ముందే నొక్కు. అరుస్తది, అరవనియ్యి. ముల్లు సూడు, అద్దం సూడు, మళ్ల ముల్లు సూడు. లారీల స్పీడు అందుకున్నంక కాలు మెల్లగ సడలియ్యి, అప్పుడు అదే నోరు మూసుకుంటది." మధ్యలో ఆయన అరచెయ్యి అలవాటు కొద్దీ గాల్లోకి లేచేది. ఆయనే దాన్ని రెండో చేత్తో పట్టుకుని తొడల మధ్య పెట్టుకునేవాడు. రేవతికి నవ్వొచ్చేది. నవ్వుతూనే కాలు నొక్కిపట్టేది.

అంత సులువుగా ఏం రాలేదు. నాలుగు వారాల చరుపులు ఆమె కాలికీ ఎక్కాయి. ఎవరూ చరవకపోయినా, మోత లేవగానే ఆమె పాదం సగం లేచేది. అప్పుడు ఆశేర్ మరియమ్మ మాట అరువు తెచ్చుకున్నాడు. "పిండి సూడు, మేడమ్, పిండి సూడు" అనేవాడు. ఆమె కళ్లు ముల్లు మీదికి పోయేవి, పాదం కిందికి దిగేది. కాలికి నేర్పలేనిది కంటికి నేర్పాడు. ఈ ఉపాయం ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ లేదు.

దసరా దాటింది. వ్యాను ఆగిపోయింది. మొదటి రోజు పక్కన కూర్చుంటానని ఆశేర్ అన్నాడు, రేవతి వద్దంది.

"రోజూ మీరు కూర్చోలేరు కదండీ. ఈ రోజు కూర్చుంటే రేపు భయమేస్తుంది."

కాబట్టి ఆయన కొత్తూరులో సర్వీసు రోడ్డు హైవేలో కలిసే చోట టీ బండి దగ్గర నిలబడ్డాడు. షాద్‌నగర్ వైపు నుంచి లారీలు, బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. అటువైపు మలుపులో చెట్లున్నాయి, సర్వీసు రోడ్డు మీది కారు చివరిదాకా కనపడదు. టీ బండి శివమ్మ గ్లాసు ఇచ్చింది. తాగకుండా పట్టుకున్నాడు.

ముందు వినపడింది. చెట్ల వెనక ఆ ఇంజన్ ఒక్క క్షణం తటపటాయించి, గొంతెత్తింది. అదే మోత, నాలుగు వారాలు ఆయన చెవులను కోసిన మోత. సరిగ్గా అప్పుడే హైవే మీద వెనక నుంచి వస్తున్న ఒక టిప్పరు హారన్ కొట్టింది. ఆశేర్ అరచెయ్యి గాల్లోకి లేచి అక్కడే ఆగిపోయింది.

మోత దిగుతుందా అని విన్నాడు. దిగితే ఆమె కాలెత్తినట్టు.

దిగలేదు. సాగింది, సాగింది, ఒకే గొంతున సాగి, చెట్లు దాటి కారు హైవే మీదికి వచ్చింది. టిప్పరు ముందు చోటు చేసుకుని, దాని వేగం అందుకుని, దాన్ని వెనకే వదిలి పోయింది. ఆ తర్వాత మెల్లగా మోత తగ్గింది. ఆమె కాలు సడలించిందని, మీటరు చూడకుండానే ఆయనకు తెలిసింది.

"ఏమైందన్నా, చెయ్యి పైకెత్తినవ్? ఇంకో చాయా?" అంది శివమ్మ.

"ఒద్దక్కా. గిదే తాగలే ఇంకా."

చెవిని అవతల పారేసి ఆయన బతకలేదు. దానికి ఇంకో భాష నేర్పాడు. 2014లో విమానాశ్రయం చుట్టూ కొత్త ఇళ్లలో ఇలాంటి గేర్లు లేని కార్లు ఇంకొన్ని వచ్చాయి. గేర్ల బండి నేర్చుకునేవాళ్లకు ఆశేర్ ఇప్పటికీ మీటరు మీద తువ్వాల కప్పుతాడు, ఈ గేర్లు లేని బండ్లవాళ్లకు కప్పడు. ఏ బండికి ఏ పాఠమో ముందు తానే నడిపి చూసుకుంటాడు. దూది ఉండ ఒకటి అంగీ జేబులో ఉంటుంది. అది ఎందుకని శిష్యులు అడిగితే, తనకు డ్రైవింగ్ వచ్చా అని ఒకామె అడిగిన కథ మొదటి నుంచి చెబుతాడు, తన తప్పు దగ్గర గొంతు తగ్గించకుండా.

రేవతి ఉద్యోగం ఉంది. కారు అప్పు నెలనెలా తీరుతోంది. వాపసు ఇస్తానన్న మూడు వేల అయిదు వందల్లో ఆశేర్ రెండు వేల నాలుగు వందలు ఇచ్చాడు. పదకొండు వందలు ఇంకా బాకీ.